నా వేలికి చూసి కొన్న ఉంగరం

మొన్న ఆదివారం చర్చిలో ఆరాధన అయి, మారేడ్‌పల్లిలో మా ఇంట్లో భోజనాలు ముగిశాక నేను కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. మా అమ్మాయి కూతురు, తను చేసుకోబోయే అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ప్రధానం ఉంగరానికి వజ్రం ఏ ఆకారంలో ఉండాలో ఫోనులో చూసుకోవడం మొదలుపెట్టింది. దుకాణం లేదు, సేటు లేడు, బేరం లేదు. ఫోనును తన ఎడమచేతి మీదుగా పట్టుకుంటే చాలు, తెర మీద తన వేలికే ఉంగరం వచ్చి కూర్చుంటోంది. గుండ్రం వద్దంటే పలక, పలక వద్దంటే కోల, అదీ వద్దంటే బాదంగింజ. ఆ అబ్బాయి ప్రతిదీ బాగుందంటున్నాడు, ఇది ప్రతిదానికీ మూతి విరుస్తోంది. అలా మూతి విరవగలగడం ఎంత భాగ్యమో దానికేం తెలుసు! నేను కళ్ళు మూసుకుని నిద్ర నటించాను గానీ, నా ఎడమచెయ్యి దానంతట అదే కొంగు కిందకు పోయింది.

ఇప్పుడు ఆ ఫోను చేస్తున్న పని ఒకప్పుడు నేను జీతానికి చేశాను మరి.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో పెళ్ళికూతురిని ఉంగరం కొనడానికి వెంట తీసుకెళ్ళడమంటే హవ్వ అని నోరు నొక్కుకునేవారు. అబ్బాయి తల్లి వెళ్ళేది, తనకు నచ్చింది కొనేది, పిల్ల వేలికి తొడిగించేది. కొలత తరవాత సరిచేసుకోవచ్చు, అందం మాత్రం చేతికి పెడితేగాని తెలియదు కదా, అందుకని సికింద్రాబాద్ పాత బజారు సందులో ఉన్న మా సేటు దుకాణంలో ఒక చెయ్యి కావలసి వచ్చింది. అమ్మ కమ్మలు మరమ్మతుకు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు సేటు నా వేళ్ళు చూసి, చదువు సంగతైనా అడగకుండా పనిలోకి రమ్మన్నాడు. అంట్లు తోమకూడదు, కూరలు తరగకూడదు, పడుకోబోయే ముందు గ్లిజరిన్ రాసుకోవాలి, ఇవీ ఆయన షరతులు. ఇంట్లో మహారాణివి, బజార్లో బొమ్మవి అని అమ్మ సణుక్కుంటూ నా వంతు అంట్లు కూడా తనే తోమేది. నాకేమో చెప్పలేనంత గర్వం. ఎందరో కోడళ్ళ ఉంగరాలు ముందు నా వేలెక్కి దిగాకే వాళ్ళ దగ్గరికి వెళ్ళేవి.

దిగని ఉంగరం ఒకటి నాకూ వస్తుందని నేను అనుకోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. మా మేనత్త నన్ను ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచే కోడలా అని పిలిచేది. క్రిస్మసుకు బావకు చొక్కా గుడ్డ తెస్తే నాకూ అదే రంగులో పరికిణీ గుడ్డ తెచ్చేది. బావకు బ్యాంకులో ఆఫీసరు ఉద్యోగం వచ్చాక ఆవిడ రాకపోకలు తగ్గాయిగానీ, పెద్దింటి పనులు పెద్దింటివాళ్ళకు ఉంటాయిలే అని నాన్న సర్దిచెప్పేవాడు. బావ మాత్రం కొన్ని సాయంత్రాలు సందు చివర నిలబడి, నన్ను బస్సెక్కించి వెళ్ళేవాడు. అలా నడుస్తున్నప్పుడే ఒకసారి, రోజూ అన్ని ఆకారాలు చూస్తావు కదా, నీకేది ఇష్టం అని అడిగాడు. నీటిబొట్టు అన్నాను. ఒకవైపు గుండ్రంగా, ఒకవైపు కొసదేరి, వేలి మీద ఇప్పుడే రాలినట్టు ఉంటుందని కూడా చెప్పాను. గుర్తుంచుకుంటానన్నాడు.

గుర్తుంచుకున్నాడు, ఆ మాట కాదనను.

ఒకరోజు మధ్యాహ్నం అత్తా బావా దుకాణం మెట్లెక్కి వచ్చారు. నేను చేతులు తుడుచుకుని అద్దాల బల్ల ఇవతల నిలబడ్డాను. ప్రధానం ఉంగరం చూపించమంది అత్త. మా వరస తెలిసిన సేటు నావంక చూసి నవ్వి, మూల హోటల్నుంచి చాయ్ తెప్పించాడు. నేను చెయ్యి చాచాను. అంతవరకూ ఎందరికోసమో చాచిన చెయ్యి, ఆ రోజు నాకోసం చాచాను. అత్త గుండ్రటిది పెట్టి చూసి పెదవి విరిచింది. పలకది పెట్టి, మగవాళ్ళ ఉంగరంలా ఉందంది. అప్పుడు బావ, నావంక చూడకుండా, అద్దం కిందనున్న పెట్టెను చూపిస్తూ అన్నాడు:

"నీటిబొట్టు బాగుంటదమ్మా."

ఇంకేం కావాలి నాకు! కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సేటు ఆ ఉంగరం తీసి, ఇది చిన్న కొలత, ఈ వేలికి పట్టదమ్మా అన్నాడు. అత్త వింటేగా! కణుపు దగ్గర ఆగితే చర్మం ముడతపడేలా నెట్టి మరీ ఎక్కించింది. నొప్పి కూడా నాకు తీపిగానే ఉంది. ఆవిడ నా చేతిని వెలుతురుకేసి తిప్పి, దూరంగా పెట్టి, దగ్గరకు లాక్కుని, చాలాసేపు చూసి కొడుకును పిలిచింది.

"ఏమ్రా, ఆ నేరేడ్‌మెట్ డాక్టర్ గారి పిల్లకు సుత వేళ్ళు గిట్లనే ఉంటయ్ కదా?"

బావ వంగి నా వేలును చూశాడు. నన్ను కాదు, వేలును.

"జెర సన్నగుంటయమ్మా, ఆమెవి."

"మంచిగైంది. సైజు సుత ఇదే సరిపోతది. తీయవే."

ఇంట్లో కూర్చుని నాన్నకు చెప్పడానికి మొహమాటపడ్డ సంగతిని మా అత్త అలా నా వేలితోనే నాకు చెప్పింది. నేను ఉంగరం లాగాను, రాలేదు. మళ్ళీ లాగాను, కణుపు ఉబ్బింది. నాకు తల కొట్టేసినట్టయింది. సబ్బు నీళ్ళు తెప్పించి అత్త తనే నా చెయ్యి గిన్నెలో ముంచి గుంజడం మొదలుపెట్టింది.

"ఏందే, వేలు వంచుతున్నవ్? ఎంత పట్టుకున్నా నీది కాదే అది."

నేను వంచలేదు. ఈ వయసులో అబద్ధమాడి నాకొచ్చేదేముంది, నిజంగానే వంచలేదు. కణుపు మీద చర్మం లేచిపోయి ఉంగరం ఊడొచ్చింది, గిన్నెలో నీళ్ళు ఎర్రబడ్డాయి. అత్త ముందు ఉంగరాన్ని కొంగుతో తుడిచి, శుభకార్యానికి కొనేది కదా బాగా కడిగించమని సేటుకు చెప్పింది. వెళ్తూ వెళ్తూ నా గడ్డం పట్టుకుని, ప్రధానానికి ముందురోజే రావే, పనులు నీ మీదనే పెట్టుకున్న అని ముద్దుగా పిలిచింది కూడా. బావ అప్పటికే మెట్లు దిగి రిక్షా మాట్లాడుతున్నాడు. ఆయనకు ఆకారం గుర్తుంది, అది ఎవరికిష్టమో మరిచిపోయాడు, అంతే.

వెళ్ళాను. వెళ్ళకపోతే నాన్న తలెత్తుకోలేడు. వేలికి గుడ్డ చుట్టుకుని వచ్చినవాళ్ళందరికీ కేకు ముక్కలు పంచాను. ఉంగరం ఎంత బాగుందోనని అందరూ మెచ్చుకుంటుంటే, మా మేనకోడలి చేతికి చూసి తెచ్చిన అని అత్త నన్ను చూపించింది. పుండు మానింది గానీ కణుపు మీద మచ్చ నిలిచిపోయింది. మచ్చ ఉన్న వేలి మీద రవ్వ నప్పదని సేటు నన్ను కమ్మల వైపు మార్చాడు. తరవాత నాకూ పెళ్ళయింది. మావారు బడిపంతులు, రాయి లేని సాదా ఉంగరం తొడిగారు. నన్ను ఏడిపించనూ లేదు, నవ్వించనూ లేదు, పాపం పోయారు. బావ భార్య ఇప్పటికీ చర్చిలో కనిపిస్తే నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని క్షేమం అడుగుతుంది, వదులై లోపలికి తిరిగిన ఆ నీటిబొట్టు కొస నా అరచేతిలో గుచ్చుకుంటుంది. ఆవిడ చాలా మంచిది. ఏ కాస్త గయ్యాళి అయినా నాకు సుఖంగా ఉండేది.

ఇదంతా తలుచుకుంటూ ఉండగానే మనవరాలు నా నిద్ర నాటకం కనిపెట్టేసింది.

"అమ్మమ్మా, చెయ్యి ఇటియ్యి. నీకు ఏ షేప్ సెట్ అవుతదో చూద్దాం."

వద్దంటే వినదు. కొంగు కింద నుంచి చెయ్యి లాగి ఫోను పట్టింది. ఎంతసేపు పట్టినా ఉంగరం రాదే! ముడతలు పడి వంకర్లుపోయిన దాన్ని ఆ ఫోను వేలని గుర్తుపట్టడం లేదట. ఇద్దరూ పడీపడీ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ అబ్బాయి కిటికీ తెర పక్కకు లాగి వెలుతురు తెచ్చాక, ఏ షేపని అడిగితే, నీటిబొట్టు అని నా నోట్లోంచి వచ్చేసింది. వచ్చి కూర్చుంది. సరిగ్గా మచ్చ కనపడకుండా కూర్చుంది.

ఇప్పటి పిల్లలు ఎవరి వేలికి వాళ్ళే చూసుకుంటున్నారు, ఎవరికి నచ్చింది వాళ్ళే తొడుక్కుంటున్నారు, మధ్యలో ఇంకో ఆడపిల్ల చెయ్యి చాచనక్కర్లేదు. మంచి కాలమే. ఈ కాలంలో నేను పుట్టలేదని నాకు ఎంత కడుపుమంటో మీకు తప్ప ఎవరికి చెప్పుకోను? నాకు ఇంకొంచెంసేపు చూసుకోవాలని ఉంది, చెయ్యి కదపకుండా పట్టుకున్నాను. ఇంతలో మనవరాలు, ఛీ, ఇది మరీ ఓల్డ్ మోడల్, నాకొద్దు అంటూ తెర మీది ఉంగరాన్ని వేలితో పక్కకు తోసేసింది.

సబ్బు నీళ్ళతో పని లేకుండానే ఊడిపోయింది.