నాంచారమ్మ వేయని ఓటు

1964 మే 17, ఆదివారం. రేగులకుంట పంచాయతీ మూడో వార్డులో ఊరి బయటి కూలీల పేటవాళ్ళ ఓట్లు నూట పన్నెండు. మధ్యాహ్నం బడి తలుపు బద్దలయ్యేసరికి వాటిలో పడినవి పదకొండు. హనుమాన్ జంక్షన్ లారీ షెడ్ల నుంచి తెప్పించిన నలుగురు మనుషులు ఓట్ల పెట్టెను గడప మీద పెట్టి గొడ్డలి తిరగేసి కొట్టారు. అడ్డం వచ్చిన ముసలి బంట్రోతుకు ముందు పళ్ళు రాలిపోయాయి. ఓటు కాగితాలు, పేర్లు కొట్టిన జాబితా బడి వెనుక బావిలో పడ్డాయి. సాయంత్రానికి దండోరా వేశారు: వచ్చే ఆదివారం మళ్ళీ ఓట్లు.

ఆ పదకొండు మందిలో నాంచారమ్మ లేదు. అయినా ఆ ఓట్ల పేరున పేటలో మొదట నెత్తురు కారింది ఆమె చేతి నుంచే.

నాంచారమ్మ ముసునూరు వైపు కూలి కుటుంబంలో పుట్టింది. పుట్టిన సంవత్సరం ఆమెకు తెలియదు. ఓటర్ల జాబితా రాసుకోవడానికి వచ్చిన సర్కారు గుమాస్తా ముఖం చూసి ముప్పై అని వేసుకుపోయాడు. అంతకు ముందు జాబితాలో అసలు ఆమె పేరే లేదు. రాములు భార్య అని మాత్రం ఉండేది. ఆ రాములు చిటారుకొమ్మ విరిగి పడి చనిపోయాక, పిలవడానికి మరో దారి లేక, ఆమెను ఆమె పేరుతోనే రాశారు. బిడ్డలు నిలవలేదు. ఇంట్లో మిగిలింది తనూ, అత్త అచ్చమ్మా. ఇద్దరూ రాఘవులు గారి మామిడితోటలోనే పనిచేసేవారు.

పౌరసత్వం గురించి రాసేవారు సాధారణంగా దానిని హక్కుల దగ్గర మొదలుపెడతారు. నాంచారమ్మ విషయంలో అది ఎడమచేతి చూపుడువేలి గోరు దగ్గర మొదలైంది. కాబట్టి ఆ వేలి సంగతి కొంత చెప్పాలి.

తోటలో కోతగాళ్ళు చిక్కం కట్టిన పొడుగాటి గడలతో కాయ దించుతారు. కింద కూర్చున్న ఆడవాళ్ళు ఎడమచేత్తో కాయ పట్టుకుని, కుడిచేత్తో తొడిమె విరిచి, సొన కారిపోయేందుకు గడ్డి మీద తలకిందులుగా పేరుస్తారు. సొన తగిలిన చోట ఒళ్ళు కాలినట్టు పొక్కుతుంది. పొక్కు ఆరాక నల్లటి మచ్చ కడుతుంది. అందుకే పనిలోకి దిగేముందు మోచేతుల దాకా ఆముదం పట్టించుకోవడం పేటలో అలవాటు. అచ్చమ్మ చేతులు ఎండాకాలమంతా నూనెలో వేయించినట్టు మెరుస్తూ ఉండేవి. నాంచారమ్మకు మాత్రం ఆముదం రాసుకుంటే కాయ జారిపోయేది. పని తెమలదని ఎడమచేతిని వట్టిగానే వదిలేసేది. ఏటా చిన్నరసాల కోత ముదిరేనాటికి ఆమె చూపుడువేలి గోరు మొదట్లో నల్లటి చార ఒకటి నిలిచిపోయేది.

మూడో వార్డు మెంబరు పదవికి అంతవరకు ఓట్లు జరగలేదు. రాఘవులు గారి అరుగు మీద ఒక పేరు అనుకునేవారు, అదే అయ్యేది. ఈసారి మిలటరీలో పనిచేసి వచ్చిన చిన్నరాయప్ప, పేట మనిషి, తోట గుమాస్తా మీద పోటీకి నిలబడ్డాడు. రాఘవులు గారి కొడుకు, అందరూ చినబాబు అని పిలిచే యువకుడు, తోటలో కూలీలను నిలబెట్టి ఒకే మాట చెప్పాడు. వేలి మీద సిరా ఉన్నవాళ్ళు ఇక తోట గేటు దాటక్కర్లేదు.

నాంచారమ్మ ఆ మాట విన్నది. ఆదివారం పొద్దంతా గుమ్మం దాటలేదు. అచ్చమ్మ పుల్లలకని గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళింది. తిరిగివచ్చి పొయ్యి దగ్గర కూర్చుని, తవుడు తీసుకుని వేలు తోముకుంది.

“చూడవే. ఇంత సిరా పూశాడా పంతులు, ఎట్టా వచ్చేసిందో. ఆముదం మీద ఏం నిలబడుద్దీ?”

“నెమ్మదిగా మాట్టాడత్తా. ఈ వయసులో నీకు ఓటేంటి?”

“నా కొడుకు చచ్చినపుడు పంచాయతీ కూర్చుంది. కొమ్మ పుచ్చుదని తెలిసీ ఎక్కించారని ఒక్కడన్నా అన్నాడా? అనేవోడు అక్కడ ఉంటేగా. ఇవాళ రాయప్ప నిలబడితే నన్ను బూడిద చూసుకుంటా కూర్చోమంటావా?”

“నాకు రేపు పని కావాలి.”

“ఉంటుందిలే. బుద్ధిగా ఇంట్లో పడున్నావుగా, బాబుగారు హారతిచ్చి పిలుస్తారు.”

నాంచారమ్మ దగ్గరికి జరిగింది. అత్త వేలు పట్టుకుని గోరు సందులో మిగిలిన నలుపును తనే పుల్లతో తీసేసింది.

ఓటు వేసిన మగవాళ్ళు ఆ సాయంత్రమే రెడ్డిగూడెం వైపు తోటలకు తప్పుకున్నారు. ఆడవాళ్ళెవరో చినబాబుకు తేలలేదు. గుమాస్తా తరపున బడిలో ఏజెంటుగా కూర్చున్న మేస్త్రీ సోమయ్య, అందరూ కొంగులు ముసుగేసుకున్నారనీ, చదివిన పేర్లు గోలలో వినపడలేదనీ, తాను గుర్తుపట్టలేదనీ చెప్పాడు. కాబట్టి సోమవారం ఉదయం తోటలో వేళ్ళు చూడటం మొదలైంది.

కాయలు పెట్టెల్లో సర్దే పాక ముందు ఆడవాళ్ళను వరసగా నిలబెట్టారు. చినబాబు కుర్చీలో కూర్చున్నాడు. అతను విజయవాడలో చదువు సగంలో వదిలి వచ్చినవాడు; తోట ఆదాయం తెలుసు గాని కాయ చేత్తో పట్టి ఎరగడు. జంక్షన్ మనుషులకు లారీ చక్రాలు తప్ప మామిడి సంగతి అసలే తెలియదు. వాళ్ళలో గళ్ళలుంగీ కట్టినవాడు ఒక్కొక్కరి చెయ్యి తిప్పి చూస్తూ వచ్చాడు. అచ్చమ్మ వేలు చూసి వదిలేశాడు. పక్కనే ఉన్న నాంచారమ్మ చేతిని పైకెత్తాడు.

“ఇదిగోనండి. దొరికింది.”

“ఓటేశావా?” అన్నాడు చినబాబు.

“లేదండి. అది సొన మచ్చండి. మేస్త్రీని అడగండి.”

అందరూ సోమయ్య వైపు చూశారు. సోమయ్య ముప్పై ఏళ్ళుగా తోటలో ఉన్నవాడు. ఆమె వేలిని ఆ మచ్చతో ఎన్ని వేసవుల్లో చూశాడో లెక్కలేదు. అతను తల వంచుకుని తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

మొదటి దెబ్బ చెంప మీద పడింది. రెండోది వీపు మీద, గడతో. ఆమె మోకాళ్ళ మీద పడితే జుట్టు పట్టుకుని పాకలోకి ఈడ్చారు. గంపలు దొర్లాయి, కాయలు కాళ్ళ కింద చితికి నేలంతా జిగటయింది.

“నీతో పాటు ఇంకెవరెళ్ళారో చెప్పు. వదిలేస్తాను,” అన్నాడు చినబాబు. గొంతు పెంచలేదు.

ఆ క్షణంలో తన మనసులో ఏముందో నాంచారమ్మ తరువాత దాచకుండా చెప్పేది. అత్త పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ముసలిదాన్ని కొడతారా, కొట్టినా రెండు దెబ్బలతో వదిలేస్తారేమో అని కూడా అనుకుంది. పళ్ళు బిగించుకుంది. అంతలో పాక గుమ్మంలో అచ్చమ్మ నిలబడింది.

“బాబూ, అదెళ్ళలేదు. ఓటేసింది నేను.”

గళ్ళలుంగీవాడు ముసలిదాని చెయ్యి లాగి మళ్ళీ చూశాడు. మచ్చ లేదు. నవ్వాడు. “కోడలి మీద ఎంత ప్రేమండీ ఈవిడకి.”

“తోముకున్నాను బాబూ. దేవుడి మీద ఒట్టు. సోమయ్యా, నువ్వక్కడే కూర్చున్నావు, చెప్పవేం?”

సోమయ్య తలపాగా కొస దోపుకుంటూ ఉండిపోయాడు. ముసలిదాన్ని తోసేశారు. నాంచారమ్మ ఎడమచేతిని పెట్టె చెక్క మీద పెట్టి ఒకడు మణికట్టు మీద మోకాలు ఆనించాడు. పెట్టెలకు మేకులు కొట్టే సుత్తి అక్కడే ఉంది. గళ్ళలుంగీవాడు మూడుసార్లు కొట్టాడు. మొదటి దెబ్బకు ఆమె అరిచింది. తరువాతి రెండింటి చప్పుడు బయట వరసలో ఉన్న ఆడవాళ్ళు విన్నారు. ఒక్కరూ కదల్లేదు.

నూజివీడు ఆసుపత్రిలో చూపుడువేలి పై రెండు కణుపులు తీసేశారు. ఏం జరిగిందని డాక్టరు అడిగితే వెంట వచ్చినవాళ్ళు రోలు పడిందన్నారు. నాంచారమ్మ కాదనలేదు.

బుధవారం పేటలో చర్చి ముందు చింత కింద జనం కూడారు. చిన్నరాయప్ప పోటీ నుంచి తప్పుకుంటానన్నాడు. “నా మూలంగా ఒక ఆడకూతురి వేలు పోయింది. రేపు ప్రాణం పోతే ఎవరికి చెప్పుకోవాలి?” అతని భార్య రిబ్కమ్మ ఏడుస్తూ అదే సరైనదంది. చాలామంది తలలూపారు.

కట్టు కట్టిన చేతిని గుండెకు ఆనించుకుని నాంచారమ్మ గోడ వారన కూర్చుని ఉంది.

“రాయప్పన్నా, నువ్వు తప్పుకుంటే నా వేలు మొలుస్తుందా?”

“అది కాదమ్మా.”

“నేను మాట విన్నాను. ఇంట్లో పడున్నాను. పడున్నందుకు ఇదయింది. విన్నవాళ్ళనీ వినని వాళ్ళనీ ఒకటే కొట్టుడయినపుడు వినడం దేనికి? నువ్వుండు. ఆదివారం నేనొస్తా.”

అచ్చమ్మ పక్కనుంచి అందుకుంది. “ఇంత తెలివి ఆదివారమే ఉంటే తవుడు నీకూ ఇచ్చేదాన్నిగా.”

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో గుంపు కొంచెం సడలింది. ఆ రోజు చిన్నరాయప్ప తప్పుకునే సంగతి మళ్ళీ ఎత్తలేదు.

శుక్రవారం మేస్త్రీ సోమయ్య కబురు తెచ్చాడు. జరిగింది జరిగిపోయింది, అందరూ పనిలోకి రావచ్చు, ఆదివారం మాత్రం బడి వైపు రావద్దన్నారని చెప్పాడు. గుమ్మం ముందు చెప్పులు విప్పి నిలబడ్డాడు. నాంచారమ్మ కూర్చోమనలేదు.

“అది సొనని నీకు తెలుసు.”

“తెలుసు. సొన అంటే సిరా ఎవరిదని అడుగుతారు. మీ అత్త పేరు చెప్పమంటావా?”

“మా అత్త తనే చెప్పింది కదా. అప్పుడన్నా నోరు విప్పొచ్చుగా, బాబాయ్.”

“అప్పుడు నా వేళ్ళు గుర్తొచ్చాయమ్మా,” అన్నాడు.

ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మే 24, ఆదివారం. పేట నుంచి బడికి వెళ్ళే దారి రెండు తోటల కంచెల మధ్య ఇరుకుగా ఉంటుంది. ఆడవాళ్ళు ముందు నడిచారు. చాలామంది చేతుల్లో కోత గడలున్నాయి. ఎవరైనా అడిగితే, గడ లేకుండా మామిడితోటలోకి పోలేం కదా అని చెప్పాలనుకున్నారు. ఎవరూ అడగలేదు. మలుపులో జంక్షన్ మనుషులు రాళ్ళు పోసుకుని నిలబడి ఉన్నారు. మొదటి రాయి అచ్చమ్మ నుదుటికి తగిలింది. ముసలిది కంచె మీద పడిపోయింది.

ఆ తరువాతి క్రమాన్ని పేటలో రెండు మూడు రకాలుగా చెబుతారు. అందరూ ఒప్పుకునేది ఇంతవరకు: రాళ్ళు విసిరినవాళ్ళు నలుగురే, గడలు ముప్పైకి పైగా. ఇద్దరు కంచె దూకి పారిపోయారు. ఒకడు రాయప్ప కాళ్ళ మీద పడ్డాడు. గళ్ళలుంగీవాడు పారిపోబోతూ జారి పడితే నాంచారమ్మ గడ మొదలు చంకలో ఇరికించి, కుడిచేత్తో తిప్పి అతని దవడ మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకు వినిపించింది. వాడు చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుంటే చేతుల మీద కొట్టింది. వాడు ఊరుకున్న తరువాత కూడా కొట్టింది. చిన్నరాయప్ప వెనకనుంచి నడుము పట్టి లాగితే గాని ఆగలేదు. ఆగాక ఆమెకు భయం వేయలేదు, సంతోషమూ కలగలేదు; ఎడమచేతి కట్టులోంచి నెత్తురు ఊరుతుంటే కొంగు చింపి పైన చుట్టుకుంది.

అచ్చమ్మను మంచం మీద ఇంటికి మోసుకెళ్ళారు. మిగిలినవాళ్ళు బడికి నడిచారు.

బడిలో కుర్రపంతులు ఆమె చెయ్యి చూసి కలం ఆపాడు. ఏ వేలికి సిరా పెట్టాలో తెలియక పై అధికారి వైపు తిరిగాడు. పక్క వేలికి పెట్టమని ఆయన సైగ చేశాడు. ఏజెంటు కుర్చీలో సోమయ్య ఉన్నాడు. ఆమె పేరు చదివినపుడు ఈవిడేనా అని అధికారి అడిగితే, “ఈవిడేనండి, నాంచారమ్మ,” అని పైకి వినిపించేట్టు చెప్పాడు. ఆమె అటు చూడలేదు. తెర వెనక్కి వెళ్ళి ముద్ర వేసి, కాగితం మడిచి పెట్టెలో వేసింది.

ఆ సాయంత్రం లెక్కపెట్టారు. చిన్నరాయప్ప ఐదు ఓట్ల తేడాతో గెలిచాడు.

మంగళవారం ఇద్దరు పోలీసులు పేటకు వచ్చారు. గళ్ళలుంగీవాడి దవడకు తీగలు వేశారనీ, ఒక కన్ను ఉంటుందో లేదో తెలియదనీ హెడ్డు కానిస్టేబులు చెప్పాడు. ఎవరు కొట్టారని అడిగాడు. ఆడవాళ్ళు గుంపులో తెలియలేదన్నారు. చిన్నరాయప్ప తన పేరు రాసుకోమన్నాడు.

నాంచారమ్మ తలకు గుడ్డ చుట్టి ఉన్న అత్తకు గంజి తాగిస్తోంది. గిన్నె కింద పెట్టి బయటికి వచ్చింది.

“నేనండి.”

హెడ్డు ఆమె కట్టు వైపు చూశాడు. “ఈ చేత్తోనా? ఎవర్నో కాపాడుతున్నావేమో, ఆలోచించుకుని చెప్పు.”

“రెండో చేత్తోనండి. రాయప్పన్న నన్ను లాగాడు, అంతే. వాణ్ణి కొట్టింది నేను.”

లోపలినుంచి అచ్చమ్మ ఏదో అరవబోయింది. నాంచారమ్మ తలుపు దగ్గరికి వేసి, పోలీసుల వెనుక నూజివీడు రోడ్డు వైపు నడిచింది.