విరగకాసిన బండి

కారు పాడైతే బెంగపడే డ్రైవర్లు నూజివీడులో చాలామందే ఉండేవారు. కారు మరీ బాగా నడుస్తోందని బెంగపడ్డవాడు మాత్రం పెద్దిరాజు ఒక్కడే.

ఎనభై ఏడో సంవత్సరం, మాఘమాసం. తోటలన్నీ పూతతో బరువెక్కి, రోడ్డు పొడవునా గాలి తియ్యగా, కొంచెం మత్తుగా వీస్తున్న రోజులు. షావుకారు రాఘవయ్యగారిని ఎక్కించుకుని విస్సన్నపేట నుంచి వస్తూ, ముందు పోతున్న ఎడ్లబండిని దాటి వెళ్దామని పెద్దిరాజు ఆక్సిలేటరు మీద కాలు కాస్త ఆనించాడు. కారు ముందుకి దూకింది. బానెట్టు కింద ఎప్పుడూ సన్నగా వినిపించే ఈల ఆ రోజు గొంతు పెంచింది. ఎదురుగా ఉన్న చిన్న మీటరులో పచ్చగీత దగ్గర ఆగవలసిన ముల్లు ఎర్రగీత దాటి, ఇక అదే తన స్థలమన్నట్టు కూర్చుంది. వెనక సీట్లో షావుకారు తొడ చరుచుకుని, ముసలి గుర్రానికి పొగరెక్కిందిరా అని మురిసిపోయారు.

పెద్దిరాజుకి నవ్వు రాలేదు. తల్లి సీతమ్మ గుర్తొచ్చింది. ముసునూరులో ముప్పై ఏళ్ళు పరాయివాళ్ళ తోటల్లో కాయలేరి, పాదులు తవ్వి, నీళ్ళు మోసి పోయిన మనిషి ఆమె. ఎన్నడూ లేనట్టు ఒక చెట్టు విరగకాస్తే అందరూ కొమ్మలకేసి చూసేవారు. ఆమె మాత్రం వంగి మొదలు గోకేది. లోపల పురుగు తొలిచిన చెట్టుకి తన చావు ముందే తెలుస్తుందనీ, ఉన్న సత్తువంతా ఆఖరిసారి కాయల్లోకి పంపేస్తుందనీ ఆమె నమ్మకం. అది నిజమైన సందర్భాలే ఎక్కువ. మరుసటి ఏడు ఆ చెట్టు ఎవరింటి పొయ్యిలోనో కనిపించేది.

ఆ కారు వచ్చిన తీరు చెప్పాలి. విశాఖపట్నంలో ఏదో పనికి వచ్చిన విదేశీ ఇంజనీర్లు తిరిగి వెళ్ళిపోతూ వదిలేసిన సామాను వేలం వేశారు. అందులో ఒక నల్లటి పొడుగాటి కారు. డిక్కీ మీద టర్బో అని మెరిసే అక్షరాలు. మీటరు చూస్తే లక్షా తొంభై వేల కిలోమీటర్లు.

రాఘవయ్యగారు మామిడి వ్యాపారంలో తలపండినవారు. తోటలు ఆయన కొనేది పూత మీద. చెట్ల మధ్య నలభై అడుగులు నడిచి, ఒకసారి తలెత్తి, ఒకసారి దించి, ఇన్ని టన్నులు అన్నారంటే కాయ దిగాక బుట్ట అటూ ఇటూగా అంతే ఉండేది. ఆ కన్నుతోనే కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. బానెట్టు ఎత్తి చూద్దామండి అని పెద్దిరాజు నసిగితే, పూత బాగుంది కదరా, ఇంకేం చూస్తావ్ అన్నారు. లక్షా తొంభై వేల సంగతి ఎత్తితే, కాసి నిగ్గుతేలిన చెట్టుని కొంటాంగానీ మొక్కని కొంటామా అని ఎదురు పాఠం చెప్పారు.

పెద్దిరాజు ఇంకో మాట అనకపోవడానికి కారణం ఒక చెంబు. మూడేళ్ళ కిందట, అప్పటి అంబాసిడర్‌లో షావుకారు కుటుంబాన్ని గుడివాడ పెళ్ళికి తీసుకెళ్తుంటే వెనక చక్రం దగ్గర టకటకమని చప్పుడైంది. చక్రం ఊడిపోతోందని హడలిపోయి, పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్ళందరినీ బురదలో దింపేశాడు. జాకీ ఎత్తాడు, చక్రం విప్పాడు, బిగించాడు. బయల్దేరితే మళ్ళీ టకటక. మళ్ళీ దింపాడు. చివరికి డిక్కీ తెరిస్తే, పెళ్ళిలో చదివించడానికి తెచ్చిన ఇత్తడి చెంబు అటూ ఇటూ దొర్లుతోంది. వీళ్ళు చేరేసరికి తాళి కట్టడం అయిపోయి పంక్తులు లేస్తున్నాయి. అప్పటినుంచి అతను ఊరందరికీ చెంబు పెద్దిరాజు. టీకొట్టు దగ్గర ఎవడో ఒకడు గ్లాసుని బల్లమీద టకటకలాడించి, ఒరే, చక్రం చూసుకో అనేవాడు. ట్రాక్టరు నుంచి లారీకీ, లారీ నుంచి కారుకీ పదిహేనేళ్ళు కష్టపడి ఎక్కివచ్చిన మనిషి, ముప్పై తొమ్మిదేళ్ళవాడు, ఆ చప్పుడు వింటే చెవులెర్రబడి సగం టీ వదిలేసి వచ్చేసేవాడు.

అయినా కారుని బాగానే సాకాడు. తెల్లారగానే ఆయిలు పుల్ల తీసి చూసేవాడు. అది మనిషికన్నా ఎక్కువ తాగుతోందని తెలిసి, డబ్బా ఒకటి ఎప్పుడూ పక్కనే ఉంచుకునేవాడు. లారీ మెకానిక్ సలోమోను అతనికి ఒక్క నియమం చెప్పాడు. ఈ టర్బో అనేదాని లోపల పొగ తోసే తోపుకి ఒక చక్రం గిర్రున తిరుగుతుంటుంది, బండి ఆగినా అది వెంటనే చల్లబడదు, కాబట్టి ఆపే ముందు రెండు నిమిషాలు ఇంజను ఊరికే నడవనివ్వాలి. పెద్దిరాజు అలాగే బజారులో ఇంజను ఆపకుండా కూర్చునేవాడు. షావుకారు మాత్రం అది చూసి కూర్చోలేకపోయేవారు. నిలబడ్డ బండికి పెట్రోలెందుకురా అనేవారు. దిగుడు కనిపిస్తే చాలు, ఆపెయ్, దానంతటదే పోతుంది అనేవారు. ఆ రోజుల్లో జిల్లాలో బండి ఉన్నవాళ్ళంతా అంతే, దిగుడులో ఇంజను నడిపేవాడు దుబారా మనిషి కింద లెక్క. అంబాసిడర్ ఆ అలవాటుని భరించింది. ఇది ఒక్కొక్క దిగుడులో, లోపల్లోపల, కొంచెం కొంచెంగా మాడుతూ వచ్చింది.

ఎర్రగీత దాటిన సాయంత్రమే పెద్దిరాజు కారుని సలోమోను షెడ్డుకి తీసుకెళ్ళాడు. సలోమోను బానెట్టు ఎత్తి లోపలికి వంగాడు. మామూలుగా అతను ఇంజను కనిపిస్తే చాలు, దాని పూర్వపు యజమానులందరినీ తిట్టేవాడు. ఆ రోజు ఒక్కర్నీ తిట్టకుండా, ఒక వాల్వుని వేలితో కదిపి చూశాడు.

"ఎక్కువైన గాలిని బయటికి వదిలే వాల్వు ఇది. బిగుసుకుపోయింది. వదలట్లేదు. అందుకే అంత ఊపు."

"అంటే బాగయినట్టు కాదా అన్నా?"

"జ్వరమొస్తే ఒళ్ళు వెచ్చబడుద్ది. బాగయినట్టా?"

సలోమోను షెడ్డులో లైటు ఆర్పేశాడు. మసక చీకట్లో, ఇంజను పక్కన టర్బో కొలిమిలోంచి తీసిన గొడ్డలిలా ఎర్రగా కనిపించింది. దానికి రెండు వేళ్ళ దూరంలో పెట్రోలు పైపు. అతను పైపు మీద గోటితో నొక్కితే సన్నటి పగుళ్ళు నోళ్ళు తెరిచాయి. అలాంటి పైపుకోసం మద్రాసు దాకా కబురుపెట్టాడట, లేదన్నారట. ఇక్కడి పైపుల చివర్లు దానికి పట్టవు. సైకిల్ ట్యూబు చుట్టి తీగ కడితే పెట్రోలుకి ఉబ్బి ఊడిపోతుంది.

"ఎప్పుడు పగులుద్దో నేను చెప్పలేను తమ్ముడూ. పగిలితే ముందు కూర్చున్నవాడు దూకొచ్చు. వెనకున్నవాళ్ళకి అంత టైముండదు."

వెనక కూర్చునేది షావుకారు, ఆయన భార్య కామేశ్వరమ్మ, ఆరేళ్ళూ నాలుగేళ్ళూ ఉన్న ఇద్దరు మనవరాళ్ళు. శనివారం ఆవిడ పిల్లలతో ఏలూరు వెళ్ళాలి.

ఇంటికొచ్చి పెద్దిరాజు భార్య గోవిందమ్మకి చెప్పాడు. ఆమె బియ్యంలో రాళ్ళేరుతూ విన్నది. నువ్వు చెప్పి ఏమీ కాకపోతే చెంబు పక్కన ఇంకో పేరు చేరుద్ది, అది నేనూ మొయ్యాలి అంది. చెప్పకుండా ఊరుకుని ఏదైనా అయితే, అని మొదలుపెట్టి, ఆ మాట పూర్తి చెయ్యకుండా చేటతో లేచి వెళ్ళిపోయింది.

రెండు రోజులు పెద్దిరాజు నోరు పెగల్లేదు. పైపు సంగతి చెబితే షావుకారు నవ్వుతారని తెలుసు. ఆయన నవ్వని భాష ఒక్కటే ఉంది. శుక్రవారం పొద్దున తోట గట్టు మీద నిలబడి పూత చూస్తున్న ఆయన దగ్గరికి వెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యగారండీ, పోయినేడు మన చేతికింద ఉన్న ఉత్తరపు తోటలో పెద్దరసాల చెట్టు గుర్తుందాండి?"

"కొమ్మలు విరక్కుండా గెడలు పోటుపెట్టాం. మర్చిపోతానా?"

"తర్వాత దానికేమైందండి?"

రాఘవయ్యగారు చేతిలో ఉన్న పూతకంకిని నలపడం ఆపేశారు.

"మన బండి ఇప్పుడలా కాస్తోందండి."

ఆయన నవ్వలేదు. చెంబు పేరు ఎత్తలేదు. కారు దగ్గరికి వచ్చి, కొన్న ఆరు నెలల్లో మొట్టమొదటిసారి బానెట్టు ఎత్తించి, పైపు మీద తన గోటితోనే నొక్కి చూశారు. పిల్లలు రేపు బస్సులో వెళ్తార్లే అన్నారు. "ఈ మాట ఇంకెవరితోనూ అనకు" అని కూడా అన్నారు.

ఆ రోజు పెద్దిరాజు ఇంటికి నేలమీద కాళ్ళు ఆననట్టు వెళ్ళాడు. పెద్దమనిషి విన్నాడని గోవిందమ్మకి మూడుసార్లు చెప్పి, రెండు గ్లాసుల మజ్జిగ తాగాడు. పాపం, ఉత్తరపు తోట కథలో సగం అతను మర్చిపోయాడు. పెద్దరసాల చెట్టు మొదట్లో పురుగు కనిపించగానే, ఆకు ఇంకా పచ్చగా ఉండగానే, రాఘవయ్యగారు ఆ తోటని ఆగిరిపల్లి ఆసామికి అంటగట్టేశారు.

పది రోజుల్లో కారు అమ్ముడైపోయింది. కొన్నది విస్సన్నపేటలో రోడ్ల కంట్రాక్టులు చేసే రత్నబాబు. తిన్నని రోడ్డు మీద ఒకసారి తొక్కి చూశాడట. ముల్లు ఎర్రగీత దాటితే కేక పెట్టాడట. గురువారం పొద్దున బండి అప్పగించి రమ్మని షావుకారు పెద్దిరాజుకి చెప్పారు. పెద్దిరాజు కదలకుండా నిలబడితే, ఆయన గొంతు తగ్గించారు.

"అడిగితే బాగుందని చెప్పు. నడుస్తోందిగా, అబద్ధం కాదుగా."

ఆ ప్రయాణం చూసినవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. అద్దాలు నాలుగూ దించేసి, తన వైపు తలుపు వారగా తెరిచిపెట్టి, పక్క సీట్లో ఇసక బకెట్టుతో, అంత పొగరుబోతు కారుని పెద్దిరాజు దున్నపోతు నడక నడిపించాడు. రెండు బస్సులూ, ఒక గడ్డి ట్రాక్టరూ, చివరికి సైకిలు మీద పాలవాడూ దాటిపోయారు. ప్రతి దిగుడులోనూ వీపు మీద చెమట చల్లగా పాకింది. పెట్రోలు వాసన నిజంగా వస్తోందో, తనకే అనిపిస్తోందో తేల్చుకోలేకపోయాడు.

రత్నబాబు ఇల్లు ఊరి చివర. పెరట్లో వెడల్పాటి దిగుడు బావి, దాని పక్కనే అరుగు; కారుని అక్కడికే తెచ్చి ఆపించారు. అరుగు మీద కొబ్బరికాయ, దండ, నిమ్మకాయలు సిద్ధంగా ఉన్నాయి. అతని తల్లి, భార్య కృష్ణవేణి, ఆమె భుజాన అయిదు నెలల బిడ్డ. పూజ అవగానే అందరూ ఆ కారులోనే ద్వారకా తిరుమల వెళ్ళాలట, బిడ్డకి మొక్కు. సామాను చక్రాల పక్కన పేర్చి ఉంది.

పెద్దిరాజు రత్నబాబుని పక్కకి పిలిచి అంతా చెప్పాడు. వాల్వూ, వేడీ, పైపూ. తడబడకుండా చెప్పానని అతను అనుకున్నాడు. రత్నబాబు ఓపిగ్గా విని భుజం తట్టాడు.

"మీ షావుకారు నిన్నే ఫోన్‌లో చెప్పారయ్యా. డ్రైవరుకి బండంటే ప్రాణం, వదల్లేక ఏదో ఒకటి చెబుతాడు, పట్టించుకోకు అని." అని బానెట్టు మీద వేళ్ళతో టకటకమని కొట్టాడు. "చెంబు సంగతి కూడా చెప్పారు."

పెద్దిరాజు చెవులు ఎర్రబడ్డాయి. వెనకాల ముసలావిడ డోరు తెరిచి, కోడలికి చోటు చూపిస్తోంది. కృష్ణవేణి ఒక కాలు లోపల పెట్టింది.

"తాళం ఇటివ్వు. టైమవుతోంది."

ఆ కారుతో వేలంలో ఇచ్చింది ఒక్కటే తాళంచెవి. పెద్దిరాజు దాన్ని జేబులోంచి తీశాడు, చెయ్యి చాపాడు. ఆ చేతిలోంచి తాళం రత్నబాబు అరచేతి మీదుగా, అరుగు మీదుగా ఎలా ఎగిరి వెళ్ళిందో అతనికే తెలియదు. బావిలోంచి వచ్చిన చప్పుడు చాలా చిన్నది.

అందరికంటే ముందు తేరుకున్నది పెద్దిరాజే.

"పొరపాటైందండి" అన్నాడు మర్యాదగా.

రత్నబాబు చెయ్యెత్తాడు. మొక్కు రోజు మనిషి మీద చెయ్యి చేసుకోకురా అని తల్లి అడ్డుపడింది. అతను తిట్టుకుంటూ ఈతగాడికోసం ఊళ్ళోకి పరిగెత్తాడు. మొక్కు దాటకూడదని ఆడవాళ్ళిద్దరూ నూజివీడు మీదుగా వెళ్ళే బస్సు ఎక్కారు. పెద్దిరాజు ఎక్కింది కూడా ఆ బస్సే, ఇంకోటి లేదు మరి. కొలువు పోయిందని అతనికి తెలుసు. గోవిందమ్మకి ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పాలా అని ఆలోచిస్తూ రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. ముసలావిడ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. కృష్ణవేణి మాత్రం చాలాసేపు అతన్ని చూసి, మెల్లగా అడిగింది.

"మీరాయనతో అన్నది విన్నాను. ఆ పెట్రోలు పైపు నిజంగా అంత ఎండిపోయిందా, డ్రైవరుగారూ?"

"ఎండిపోయిందమ్మా. బావి ఎంత లోతు?"

"ఇప్పుడు మూడు నిలువులు. అడుగంతా ఒండ్రు. ఈతగాడికి దొరకదు." బిడ్డ టోపీ సర్దింది. బయట తోటల్లో పూత రాలి పిందె కడుతోంది. "చైత్రం దాటితే నీళ్ళు అడుగంటుతాయి. ఏటా అప్పుడే పూడిక తీయిస్తారు."

పెద్దిరాజు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. రెండు నెలలు కూడా లేదు.

"అప్పుడు తాళం దొరికినా, నన్నెవరూ పెరట్లోకి రానివ్వరమ్మా. ఎక్కేముందు మీరే బానెట్టు ఎత్తించి, టర్బో పక్కనున్న పైపు ఒక్కసారి గోటితో నొక్కి చూడండి."

ఆమె బిడ్డని ఇంకో భుజానికి మార్చుకుని, తన బొటనవేలి గోరుకేసి చూసుకుంది.