కింది నుంచి "ఆగు" అంటే

కిందటి నెల ఒక ఉదయం పాలు పోసేవాడు గేటు దగ్గరే నిలబడి, "పక్కింటి ఇంజనీరుగారు పోయారండీ" అన్నాడు. నిద్రలోనేనట. ఏ పనైనా పదిసార్లు చూసుకుని గాని మొదలుపెట్టని మనిషి, ఈ ఒక్క ప్రయాణానికి మాత్రం ఏ తనిఖీ లేకుండా బయలుదేరారు.

మా ఇంటికొస్తే ముందు కుర్చీ కాళ్ళు కదిపి చూసి కూర్చునేవారు. "అన్నయ్యగారూ, అది మీ బావగారికంటే గట్టిదే" అనేది మా ఆవిడ.

సర్కారులో భద్రతా తనిఖీలు చేసి రిటైరై, నూజివీడు దగ్గర మా పక్క మామిడితోట కొనుక్కున్నారు. ప్రభుత్వం ఆయన్ని అక్కడా వదల్లేదు. డబ్బు కట్టిన జనాన్ని అంతరిక్షం అంచుదాకా తిప్పి తెచ్చే కంపెనీలకు నిబంధనలు రాసే కమిటీలో వేసింది. నాకు ఆగిరిపల్లి బస్సు ఎక్కడమే సాహసం. ఆ బస్సు సంగతి ఎత్తితే ఇది పూర్తికాదు.

మా తోటల్లో ఒక కట్టుబాటుంది. కాయ కోసేవాడు చెట్టుమీద ఉండగా కింద ఎవరు "ఆగు" అన్నా ఆగిపోవాలి. దిగేదాకా ఎందుకని అడగకూడదు. అన్నవాణ్ణి తిట్టకూడదు, తిడితే రెండోసారి ఎవడూ నోరు విప్పడు. ఇది మొదటిసారి చూసినప్పుడు ఇంజనీరుగారు చేతిలోని రసం కాయ పీల్చడం మరిచిపోయారు. తర్వాత కమిటీలో పట్టుబట్టారు: నేలమీదున్న ఏ ఉద్యోగి ఆపమన్నా ప్రయాణం ఆగాలి, వాళ్ళ ఉద్యోగానికి ముప్పు రాకూడదు.

కంపెనీలవాళ్ళు గోలపెట్టారు. "ఎక్కేవాళ్ళు ప్రమాదం తెలిసే సంతకం పెడుతున్నారుగా సార్!"

"ఆ సంతకం కాపాడేది మిమ్మల్నండీ, వాళ్ళని కాదు" అన్నారట ఈయన.

చిక్కేమిటంటే, ఆయన కూతురు అలాంటి ఒక కంపెనీలోనే పనిచేస్తోంది. ఆ సంగతి కమిటీకి ముందే చెప్పేశారు. పెద్ద బెలూనుకు వేలాడే గదిలో, మనుషులతో చేసే తొలి పరీక్షకు ఆ అమ్మాయే ఎక్కింది. నిబంధన ఇంకా ఖరారు కాలేదు. ఈసారికి పాటించి చూస్తామని కంపెనీ ఒప్పుకుంది.

ఆ పొద్దున మామిడిచెట్టు కింద మంచంమీద ఇద్దరం ఫోన్లో చూస్తున్నాం. గది తలుపు మూశారు. బెలూను నిండి తాళ్ళు బిగిశాయి. ఇక వదలడమే.

"ఆపండి" అందొక ఆడగొంతు, కింద తాళ్ళ దగ్గర్నుంచి.

"ఏమైంది?"

"తెలీదు సార్. ఆ చప్పుడు నచ్చలేదు."

ఎవరో విసుక్కున్నారు. ఇంజనీరుగారు నా మణికట్టు పట్టుకున్నారు. గోళ్ళు దిగాయి. "తిట్టకండయ్యా, ఆ పిల్లని తిట్టకండి" అంటున్నారు ఫోనుతో, అక్కడ వినిపిస్తుందన్నట్టు.

ఆపారు. అమ్మాయిని దింపారు. అంతా వెతికారు. ఏమీ దొరకలేదు.

సాయంత్రం నేను ఊరుకోలేక, "ఏంటండీ, ఉత్తినే ఆపించారుగా!" అన్నాను.

"ఉత్తిదని ఆపాకేగా తెలిసింది బావగారూ."

తర్వాత ఇంకో రోజు అమ్మాయి పైకి వెళ్ళి క్షేమంగా దిగింది. ఆపమన్న పిల్ల ఆ రోజూ కిందే ఉంది, అదే ఉద్యోగంలో. నిబంధన మాత్రం ఢిల్లీలో ఇంకా నలుగుతూనే ఉంది.

దినకర్మలయ్యాక తోటలో కోత పెట్టారు. ఆయన కూతురు వచ్చి చెట్టుకింద నిలబడింది. కోసేవాడు వల చిక్కం కట్టిన గెడతో కొమ్మ చివరికి జరుగుతున్నాడు.

"ఆగు" అంది.

ఎందుకో నాకు తెలియదు. బహుశా ఆమెకూ తెలియదు. అతను ఆగాడు. బుట్టలవాళ్ళూ ఆగారు. ఎవరూ ఏమీ అడగలేదు. గెడ చివర చిక్కంలో పడిన కాయ ఒక్కటే, ఆకుల మధ్య, మెల్లగా ఊగుతూ ఉంది.