అత్తయ్య వాల్చిన చెక్క

నేను యానాం నుంచి పుదుచ్చేరి ఉప్పళానికి కోడలిగా వచ్చాను. మా ఇంటి మెట్లు నేరుగా వీధిలోకి దిగుతాయి. సాయంత్రం మామయ్య స్కూటర్ మీద రాగానే అత్తయ్య తలుపు వెనకున్న చెక్క తెచ్చి మెట్ల మీద వాల్చేది. దాని మీదుగా బండి వసారాలోకి ఎక్కేది. అత్తయ్యకు చిన్నప్పటి నుంచే చెవులు వినపడవు. కిటికీలోంచి చూసి లేస్తుందనుకునేదాన్ని.

మామయ్య పోయాక బండి మూలపడింది. బాగు చేయిద్దామని నేను, అమ్మేద్దామని మా ఆయన. చివరికి ఆయన మాటే నెగ్గింది. నిరుడు కొనేవాడు వచ్చినప్పుడు అత్తయ్య వెనక వంటింట్లో మునక్కాయలు కోస్తోంది.

బండిని వీధిలోకి దించాం. అతను కిక్ కొట్టి కొట్టి అలిసిపోయాడు. ఇక లాభం లేదనుకుంటుండగా ఇంజన్ అందుకుంది. కాసేపు గడగడలాడి ఆగిపోయింది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్తయ్య, చేతుల్లో చెక్క. దాన్ని మెట్ల మీద వాల్చి, కొడుకుతో "బండి యాడికి పోతాంది? లోపలికి ఎక్కించు" అంది.

ఎలా తెలిసిందని సైగ చేశాను. అరికాలు నేలకు ఆనించి చూపింది.

"నేల అదిరితే తెలీదా ఏంది? ఇన్నేళ్లూ ఇట్లనే కదా."

కొనడానికి వచ్చినతను తాళంచెవి మా ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

బాగు చేయించిన ఆ బండి మీద ఇప్పుడు ఆఫీసుకు వెళ్లేది నేనే. వీధిలో ఎన్నో బండ్లు పోతుంటాయి, దేనికీ అత్తయ్య లేవదు. నేను ఇంటి ముందు ఆగేసరికి మాత్రం మెట్ల మీద చెక్క వాలి ఉంటుంది.

— ఎం. సుశీల, పుదుచ్చేరి