హెడ్డు బిగించిన చెయ్యి

నాకు నోరెక్కువని ప్రొద్దుటూరులో మా వీధి వీధంతా అనేది. నిజమే. ఎవరి బిందె నా బిందెకు తగిలినా ఒక మాట అనేదాన్ని, తగలకపోతే రెండు మాటలు అనేదాన్ని. అలాంటి నేను చెప్పి తీరాల్సిన ఒకే ఒక్క మాట చెప్పకుండా నోరు మూసుకున్నాను. దాని గురించే ఇది.

మా అమ్మ తమ్ముడినే నేను చేసుకున్నాను. పెళ్ళికి ముందూ మామే, తర్వాతా మామే. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మామ ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని పాత కార్ల ఇంజన్లు బాగుచేసేవాడు. మా వైపు కార్లే తక్కువ, ఉన్నవి కూడా దొరల దగ్గర అరిగిపోయి మన దగ్గరికి వచ్చినవే. జమ్మలమడుగు నుంచీ పులివెందుల నుంచీ కూడా మామ చెయ్యి కోసమని వచ్చేవాళ్లు. చెయ్యి అంటే హెడ్డు బిగించే చెయ్యి.

హెడ్డు అంటే ఇంజను మీది ఇనుప మూత. దాన్ని బోల్టులతో కింది ఇనుప దిమ్మ మీద, అంటే బ్లాకు మీద, బిగిస్తారు. వదులైతే పొగా నీళ్లూ తన్నుకొస్తాయి. ఎక్కువైతే బోల్టు తెగుతుంది, లేదంటే ఇనుము పగులుతుంది. ఎంత బిగించాలో చూపే పనిముట్టు మా షెడ్డులో లేదు. "చేతికే తెలియాల మే. బోల్టే ఇంక సాలు అంటాది. ఆడ నిలపాల," అనేవాడు మామ.

బోల్టులను వరసగా బిగించుకుంటూ పోకూడదు. ముగ్గుకు నడిమి చుక్క ముందు పెట్టినట్టు, నడుమ మొదలుపెట్టి అటొకటి ఇటొకటిగా అంచులకు పోవాలి. అట్లా మూడు చుట్లు. మొదటి చుట్టు వేళ్లతో, రెండోది పానాతో, మూడోది పానాకు గొట్టం తొడిగి. మామకు ఎక్కడిదాకా వచ్చాడో మరుపు. అందుకని హెడ్డు మీద సుద్దతో అంకెలు వేసి, ఎదురుగా నన్ను నిలబెట్టి వరస చెప్పమనేవాడు. నేను అంకె చెప్తే ఆయన తిప్పేవాడు, తిప్పి నిలిపి, తర్వాతి అంకె కోసం నా ముఖం చూసేవాడు. మామ నన్ను తిరునాళ్లకు తిప్పినవాడు కాదు, చీర బాగుందని అన్నవాడూ కాదు. కానీ ఆ పని జరిగినంతసేపూ పద్నాలుగు బోల్టులకు మూడేసి సార్లు నా ముఖం చూసేవాడు. ఆ గంట మళ్ళీ కావాలని నాకు ఇప్పటికీ ప్రాణం పీకుతుంది.

జమ్మలమడుగు పత్తి వ్యాపారి ఒకాయన కారు మా షెడ్డులో నెలరోజులుగా విప్పి ఉంది. హెడ్డు బిగిస్తే పని అయిపోయినట్టే. ఆ పొద్దున మామ పుల్లకు గుడ్డ చుట్టి బ్లాకులో బోల్టులు దిగే రంధ్రాలన్నీ తిప్పి తిప్పి తుడిచాడు. బోల్టులు కిరసనాయిలులో కడిగి గోనెసంచి మీద ఆరబెట్టి, ఏదో కొనుక్కొస్తానని బజారుకు పోయాడు. వారం నుంచి ఆయనకు కుడి భుజం నొప్పి. రోజూ సాయంత్రం నేనే ఆముదం వెచ్చజేసి రుద్దుతున్నాను. ఆ రంధ్రాలు చూస్తే ఎండిపోయిన గొంతుల్లా ఉన్నాయి. పాపం ఈ భుజంతో ఎట్లా తిప్పుతాడు అనుకున్నాను. మా ఇళ్లలో ఆముదానికి తిరుగు లేదు. తలుపు కిర్రుమన్నా ఆముదమే, బండి ఇరుసుకూ ఆముదమే, బిడ్డ కడుపు ఉబ్బినా ఆముదమే. గిన్నె తెచ్చి, ఒక్కో రంధ్రంలో ఇంత పోశాను. మామ వచ్చాక చెప్తే, ఆడది ఇంజను ముట్టిందని ఇంట్లో ఉన్న మా అవ్వ, మామ తల్లి, గొణుగుతుంది. అందుకని చెప్పలేదు.

మామ వచ్చి హెడ్డు పెట్టాడు. రంధ్రాలు తుడిచింది తానే కాబట్టి మళ్ళీ చూడలేదు. రెండు చుట్లు బాగానే అయినాయి. బోల్టులు తేలిగ్గా దిగుతుంటే నాకు లోపల సంతోషంగా ఉంది. మూడో చుట్టులో "తొమ్మిది" అన్నాను. ఆయన గొట్టం మీద బరువు వేశాడు. టక్కుమని చిన్న చప్పుడయింది.

మామ పానా తీసి కింద పెట్టాడు. బ్లాకు పక్కన వేలితో తడిమాడు. వెంట్రుకంత గీత, పైనుంచి కింది దాకా. ఆ కారుకు కొత్త బ్లాకు మద్రాసులో కూడా దొరకలేదు. వ్యాపారి మంచివాడు, ఒక్క మాట అనలేదు. "చెయ్యి తప్పిందప్పా," అని మామే ఒప్పుకున్నాడు. హెడ్డు మళ్ళీ విప్పకుండానే కారుకు ఎద్దులు కట్టి జమ్మలమడుగుకు ఈడ్చుకుపోయారు.

మామకు పని నేర్పిన పెద్దాయన ఈ సంగతి విని కడప నుంచి వచ్చాడు. నేను కాఫీ గ్లాసులతో తలుపు వెనక ఉన్నాను.

"బొక్కల్లో నూనె గానీ నీళ్లు గానీ నిలిచినాయేమో రా. బోల్టు దిగేకొద్దీ దానికి పోను దావ లేక ఇనుమును పగలదీస్తాది. తుడిచినావా?" అని అడిగాడు పెద్దాయన.

"నా చేత్తో తుడిచినాప్పా. సుక్క లేదు."

"అట్లయితే నీ చెయ్యే ఎక్కువ పడింది."

మామ తల వంచుకుని "అవునప్పా" అన్నాడు. నేను దొంగకు తేలు కుట్టినట్టు అక్కడే నిలబడిపోయాను. కాఫీ చల్లారిపోతే మళ్ళీ కాచి ఇచ్చాను.

రేపు చెప్దాం అనుకున్నాను. పండగ పోయాక చెప్దాం అనుకున్నాను. భయపడి చెప్పలేదని ఎన్నేళ్లో నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. చెప్తే ఇక నన్ను షెడ్డులోకి రానివ్వడని, అంకెలు చెప్పడానికి పిలవడని, అదీ నా దిగులు. చెప్పకపోయినా ఆయన పిలవలేదు. తప్పు జరిగినప్పుడు చూసిన మనిషిని మళ్ళీ ఎదురుగా నిలబెట్టుకోలేకపోయాడు.

ఆ తర్వాత మామ చెయ్యి బెదిరింది. బోల్టు ఇంక చాలు అనకముందే ఆపేసేవాడు. బిగించిన హెడ్లు నీళ్లు కారుకుంటూ తిరిగొచ్చేవి. రెండేళ్లకు షెడ్డు తీసేసి పులివెందుల చేరాము. వేంపల్లె బస్సుకు డ్రైవరుగా కుదిరాడు. దారిలో ఇంజను ఆగితే క్లీనరే బానెట్టు ఎత్తి చూడాలి, మామ చేతులు చంకల్లో పెట్టుకుని దూరంగా నిలబడతాడని అందరూ నవ్వేవాళ్లు. ఆ నవ్వులు నా చెవిన పడితే మాత్రం ఒక్కొక్కరి ఏడు తరాలూ కడిగేసేదాన్ని. కడగాల్సింది ఎవరినో నాకు తెలుసు.

మామ కన్నుమూసిన ఏడు, ఎండాకాలం. పగటిపూట అరుగు మీద పండుకుని ఉన్నాడు. నేను కాళ్ల దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. ఏ ముందుమాటా లేకుండా అడిగాడు.

"ఏమ్మే, ఆ పొద్దు నువ్వు ఎదురుగా ఆడనే ఉంటివి గదా. నిజం జెప్పు. నేను ఎక్కువ బిగిస్తినా?"

అన్నేళ్ల తర్వాత మళ్ళీ నా ముఖం చూశాడు. అంకె కోసం చూసినట్టే చూశాడు. నేను చింతపండు వైపు చూస్తూ "ఏమో మామా, నాకేం తెలుస్తాది. నేను అంకెలే గదా చెప్తాంటి" అన్నాను. ఆయన సరేనని తలూపి, కుడి చెయ్యి ముఖం ముందు పెట్టుకుని కాసేపు చూసుకుని, అటు తిరిగి పండుకున్నాడు.

ఇప్పుడు రోజూ చెప్తాను. నువ్వు సరిగ్గానే బిగిస్తివి మామా, నీ చెయ్యి ఎన్నడూ తప్పలేదు అని ఖాళీ అరుగుతో చెప్తాను. ఇంకొక్కసారి అడిగితే బాగుండు.