గుమ్మంలో తేనె సీసా

కర్నూలులో ఎం.ఏ. చదువుతున్న రోజులవి. పట్నం చేరిన ఆదివాసీ కుటుంబం గురించిన నవల మాకు పాఠ్యాంశం. అందులో అయినవాళ్లను తమవాళ్లని చెప్పుకోకుండా దాచే పిల్లల గురించి ఆ రోజు సెమినార్ ఇస్తున్నాను. నేను చెంచుల అమ్మాయినని క్లాసులో ఎవరికీ తెలియదు.

మాట్లాడుతుండగా గుమ్మంలో నాయన కనిపించాడు. అహోబిలం దగ్గరి మా గూడెం నుంచి నాకోసం తేనె సీసా తెచ్చాడు.

"ఎవరమ్మా?" అన్నారు సార్.

"తేనె అమ్మేటాయన సార్" అనేశాను.

నాయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. "అవును సార్. అడవి తేనె, శానా బాగుంటాది. తీసుకుంటారా?" అన్నాడు.

సీసా సార్‌కు అమ్మేసి, నావైపు తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. నేను సెమినార్ పూర్తి చేశాను. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

చనిపోయేదాకా నాయన ఆ మాట ఎత్తలేదు. ఒక్కసారి తిట్టినా బాగుండేది.