కొట్టేసిన అలలు

చంద్రయ్య సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. భువనగిరి దగ్గర పుట్టి, నాచారంలో అద్దెకుంటూ, హబ్సిగూడలోని మా చిన్న ఆఫీసులో కూర్చుని బంగాళాఖాతం అలలు చూసుకునేవాడు. ఉపగ్రహం పైనుంచి పోతూ కొలిచిన అలల ఎత్తును కంప్యూటర్ అంచనాతో పోల్చి, మంచి అంకెలను అందులో కలపడం మా ఇద్దరి పని. అవి కలిస్తేనే రేపటి అంచనా నిజానికి దగ్గరవుతుంది.

మాకో రూలుండేది. రెండింటికీ మీటరుకు మించి తేడా వస్తే ఉపగ్రహం అంకె కొట్టేయాలి. ఒడ్డు దగ్గర నేల అడ్డొచ్చి కొలత చెడిపోతుందని పెట్టిన రూలు అది. నడిసముద్రానికీ అదే వాడేవాళ్లం. కంప్యూటర్‌ను దిద్దడానికి తెచ్చుకున్న ఉపగ్రహాన్ని, అది కంప్యూటర్ మాటకు తలూపినప్పుడే నమ్మేవాళ్లం. అంతటి తెలివి మాది.

చంద్రయ్య పక్కింట్లో నూకరత్నం ఉండేది. కాకినాడ వైపు మనిషి, నాచారం బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని. భర్త సింహాద్రి ఊళ్లోనే ఉండి సముద్రంలో చేపల వేటకెళ్లేవాడు. రోజూ సాయంత్రం ఆమె పిట్టగోడ దగ్గరికొచ్చి, "అన్నయ్యగారూ, రేపు సముద్రం ఎలా ఉంటాదండి?" అని అడిగేది. ఆయన చెప్పింది భర్తకు ఫోన్‌లో చెప్పేది.

2011 వేసవిలో ఒకరోజు గాలి లేదు. అంచనా మీటరున్నర. ఉపగ్రహం మాత్రం నడిసముద్రంలో వరసగా నాలుగుచోట్ల మూడు మీటర్లు చూపింది.

"నాలుగూ ఒక్కతీరుగనే ఉన్నయన్నా. నిజమేనేమో" అన్నాడు చంద్రయ్య.

"రూలుంది కదా, కొట్టెయ్" అన్నాను. ఆ మాట నాదే, దాచుకోను. ఆయన కొట్టేశాడు. సాయంత్రం గోడ దగ్గర "ఏం ఫికర్ లేదు చెల్లె" అని చెప్పాడు.

ఎక్కడో దూరాన పుట్టిన అలలు తెల్లారేసరికి ఒడ్డు మీద పడ్డాయి. సింహాద్రి పడవ తిరగబడింది. మనిషి దక్కలేదు.

చంద్రయ్య మూడేళ్లుగా కొట్టేసిన అంకెలన్నీ బయటికి తీసి, సముద్రంలో తేలుతూ అలల్ని కొలిచే పరికరాల, బోయాల, అంకెల పక్కన పెట్టాడు. చాలావరకు నిజాలే. "నేనే కొట్టేసిన సార్" అంటూ అధికారి సత్యనారాయణమూర్తిగారి ముందుంచాడు. నా పేరు ఎత్తలేదు. నేనూ నోరు విప్పలేదు, సిగ్గుచేటు. మూర్తిగారు చదివి రూలు మార్చారు. పక్కపక్క కొలతలు ఒకదానితో ఒకటి కలిస్తే ఇక ఉంచాలి.

"ఆమెకు చెప్పి ఏం లాభం?" అని నేను కసిరినా చంద్రయ్య వినలేదు. నన్నూ వెంట తీసుకెళ్లాడు. నూకరత్నం నిలబడే అంతా వింది.

"ఆ అంకె ఉంచుంటే మా ఆయన ఆగేవాడాండి?"

"ఆగేటోడు చెల్లె."

ఆమె మళ్లీ అడిగింది.

"ఇప్పుడు ఉంచుతున్నారా?"

"ఉంచుతున్నం."

"మా మరిది ఇంకా వేటకెళ్తన్నాడు. ఇకమీద నేను చెప్పను. మీరే చెప్పండి." నంబరు రాసిచ్చి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు సాయంత్రం చంద్రయ్య ఆ నంబరుకు ఫోన్ చేశాడు. మొదట తన పేరు చెప్పాడు. తర్వాత తాను చేసిన పని చెప్పాడు. ఆ తర్వాతే అలల సంగతి చెప్పాడు.